ఆ నాలుగు పేజీల అమ్మ

ఎర్రగుంట్ల దాటాక చెబుదామనుకున్నాను. దాటేశాం. సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు వెనక అద్దంలోకి జరిగిపోయాయి, రోడ్డు పక్క చెట్ల ఆకుల మీది బూడిద కూడా పలచబడింది, నా నోరు మాత్రం పెగల్లేదు. వెనక సీట్లో నా పక్కన పుల్లయ్య గారు కూర్చున్నారు, ఒళ్ళో పుస్తకంతో. అది ఆయన జీవిత కథ. అట్ట మీద ఆయన ఫోటో, ఆయన పేరు. లోపల ప్రతి వాక్యమూ నాది, నా పేరు మాత్రం ఎక్కడా లేదు, అది నా వృత్తి, దానికి బాధేమీ లేదు. నిరుడు వచ్చిన పక్షవాతంతో ఆయన ఎడమ చెయ్యి ఒళ్ళో ఊరికే పడి ఉంది, కుడిచేతి వేలు మూడో అధ్యాయం దగ్గర గుర్తుగా పెట్టుకున్నారు. ఆ అధ్యాయంలో నాలుగు పేజీలు ఆయన తల్లి కాశమ్మ గురించి. అందులో ఆమె కొడుకుని గండికోట దోవలో ఒక బండ మీద కూర్చోబెడుతుంది. ఆ బండ ఏదో నా చేత చూపించుకోవడానికే నన్ను తీసుకుపోతున్నారు. ఇంకో గంట ప్రయాణం. అక్కడ ఆమె పేరు మీద చలిపందిరి వేయించి, గొర్రెలకూ ఆవులకూ నీళ్ళ తొట్టి కట్టిస్తారట, రాతి మీద పేరు చెక్కే మనిషికి కూడా చెప్పేశారట. బండ ఉంది గానీ అది కాశమ్మది కాదు. ఆ నాలుగు పేజీల్లో ఉన్నది మా అమ్మ. ఈ సంగతి లోకంలో నా ఒక్కదానికే తెలుసు, కారు ఆగేలోగా నేను చెప్పాలి, లేదా నోరు మూసుకుని ఏదో ఒక బండ చూపించాలి.

ముందు సీట్లో ఆయన కూతురు సాహితి. నేతగాళ్ళ ఇంట్లో పుట్టిన నాకు స్వర్ణలత అని, లారీల యజమాని ఇంట్లో పుట్టిన ఆమెకు సాహితి అని పేర్లు. దేవుడు చీటీలు పంచేటప్పుడు మావి రెండూ తారుమారు చేశాడని ఇద్దరం నవ్వుకుంటూ ఉంటాం. వారం కిందట ఆమే ఫోన్ చేసింది. "అక్కా, నాయన ఒకటే పట్టు పట్టినాడు. ఎండలు ముదరకముందే కట్టాలంట. అన్నీ మర్చిపోతాండాడు గానీ ఆ బండను మాత్రం మర్చిపోల్యా. నువ్వొకసారి వచ్చి చూపిచ్చిపో." అప్పుడే చెప్పవలసింది. ఫోన్లో చెప్పే మాటా అది? వస్తానులే అన్నాను, కర్నూల్లో బస్సెక్కాను, దోవలో మైదుకూరు వచ్చింది, మా పేట ఉన్న వైపు కిటికీలోంచి చూశాను, ఇప్పుడక్కడ మగ్గాల చప్పుడు లేదు, మొబైల్ షాపుల పాటలు ఉన్నాయి. కాగితం మీద రాసింది దిద్దవచ్చు, రెండో ముద్రణలో మార్చవచ్చు, తప్పొప్పుల పట్టిక అచ్చేసి అంటించవచ్చు. రాతి మీద చెక్కింది ఎవరు దిద్దుతారు? ఇన్నేళ్ళ ఈ పనిలో నాకు రాతి భయం ఇదే మొదటిసారి.

మీరేం చేస్తుంటారమ్మా అని బస్సులో ఎవరైనా అడిగితే రాస్తుంటానంటాను. ఏ పేపర్లో అంటారు. ఏ పేపర్లోనూ కాదు, ఇంట్లో కూర్చుని రాస్తాను, వేరేవాళ్ళు రాసింది దిద్దుతాను అంటే, మంచిదే, పొద్దు పోతుంది అంటారు. నిజంగానే పొద్దు పోయింది, పాతికేళ్ళ పొద్దు. ప్రొద్దుటూరులో ఒక ప్రెస్సులో శుభలేఖల ప్రూఫులు చూడటంతో మొదలైంది. పెళ్ళికొడుకు తాత పేరు మారిపోతే రెండు ఊళ్ళు కొట్టుకునే కాలం అది, అక్కడే నా కంటికి తప్పు పట్టడం అలవడింది. తర్వాత కర్మంతరం కార్డులు, కాలేజీ పత్రికలు, విత్తనాల కంపెనీ కరపత్రాలు, దేవళాల స్థల మాహాత్మ్యాలు, పంతులు ఉద్యోగాల పరీక్షలకు గైడ్లు, పరిశోధన గ్రంథాలు. ఒకే వారంలో ఒక నాయకుడి పుట్టినరోజు సంచికకు పొగడ్తలూ, ఆయన మీద ప్రత్యర్థులు వేసే కరపత్రానికి తిట్లూ దిద్దాను, రెండూ బాగా కుదిరాయని ఇరువర్గాలూ మెచ్చుకున్నాయి. జ్ఞానరాజు అని ఒక హెడ్మాస్టరు గారు పదవీ విరమణ నాడు చదవడానికి నాతో ప్రసంగం రాయించుకుని, చదువుతూ చదువుతూ నేను రాసిన చోటే ఏడ్చారు, అంతవరకూ ఆయనకు ఆ దుఃఖం ఉన్నట్టు ఆయనకే తెలియదట. ఉద్యోగం కాదు, సెలవు లేదు, పేరు లేదు, కానీ ఎవరి ఇంట్లోకైనా పోయి వాళ్ళ లోపలి గదిలో కూర్చోవచ్చు. అందుకే వదల్లేదు నేను దీన్ని.

వరమ్మ అనే ఆమె భర్త పోతే కర్మంతరం కార్డు రాయడానికి కూర్చున్న రోజు గుర్తుంది. అంతా రాశాక కింద ఒక వరస ఖాళీ మిగిలింది, కంపోజింగు అతను మేడం ఏదో ఒకటి చెప్పండి నింపేస్తానన్నాడు, ఆయన నడిచి వస్తుంటే గొడ్లు మేత మానేసి తలెత్తి చూసేవి అని చెప్పాను. ఆయన్ని నేను చూడను కూడా చూడలేదు. ఆరేడేళ్ళ తర్వాత వేరే పని మీద ఆ ఊరికి పోతే రచ్చబండ మీద కూర్చున్న ముసలాయన ఒకాయన అదే మాట నాకు చెప్పాడు. "శానా ఠీవి మనిషమ్మా. ఆయప్ప నడిచొస్తాంటే గొడ్లు గూడా మేత ఆపి చూస్తాండె. నేను నా కండ్లతో చూసినా." నేను నవ్వలేదు. ఒక వరస ఖాళీ నింపడానికి వేసిన మాట ఊరిలోకి నడిచిపోయి, అక్కడి గొడ్లను తలెత్తించి, ఒక మనిషి కళ్ళలోకి దూరి కూర్చుంది. అబద్ధమనడానికి లేదు, ఆ ముసలాయన చూశాడు. ఆ రోజు నుంచి నేను రాసేటప్పుడు చేతులు కడుక్కుని కూర్చుంటాను, ఎందుకో చెప్పలేను, అన్నం ముందు కడుక్కున్నట్టే.

ముద్దనూరు వచ్చింది. కారు నడిపే నెహెమ్యా ఒక టీ కొట్టు దగ్గర ఆపాడు, పుల్లయ్య గారి లారీలు ముప్పయ్యేళ్ళు నడిపి ఇప్పుడు ఈ కారుకు మారిన మనిషి. "పెద్దాయనా, టీ తాగుతావా?" అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. "పోనీ నెహెమ్యా. ఎండెక్కితే బండ కాలుతాది. మాయమ్మ గుడ్డ పరిచి కుచ్చోబెట్టింది గానీ, ఇప్పుడెవరు పరుస్తారు నాకు?" సాహితి కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేను నా చేతుల వైపు చూసుకున్నాను. ఆ గుడ్డ మా ఇంట్లో ఉండేది. అమ్మ చీరల మూట తల మీద పెట్టుకోవడానికి కింద చుట్ట చుట్టుకునే పాత పంచె ముక్క, ఒక అంచుకు నల్ల గీత ఉండేది, ఆ గీత కూడా పుస్తకంలో రాశాను.

పుల్లయ్య గారికి అమ్మ గుర్తు లేదు. ఆయన మూడో ఏటో నాలుగో ఏటో జ్వరంతో పోయిందట, ఫోటో లేదు, అక్కచెల్లెళ్ళు లేరు, పెంచిన మేనమామకు మాటలు తక్కువ. ఆయన పుట్టిన ఊరిని గండికోట రిజర్వాయరు కోసం ముందే ఖాళీ చేయించారు, నేను పుస్తకం రాశాక నీళ్ళు నిండి మునిగిపోయింది, ఇళ్ళూ చేలూ కల్లాలూ సమాధులూ అన్నీ. పుస్తకం పని ఒప్పుకున్నాక నేను ఆ ఊరి వాళ్ళను పెట్టిన కాలనీలన్నీ తిరిగాను. ఉరుకుందమ్మ అని బాగా వయసు మళ్ళిన ఆమె ఒకతె చాలాసేపు ఆలోచించి చెప్పింది. "కాశమ్మా? పాపం చిన్నప్పుడే పోయె. ఎర్రగ ఉండెనో నల్లగ ఉండెనో తెలీదమ్మా. పుల్లయ్య తల్లి, అంతే." ఒక మనిషి లోకంలోకి వచ్చి, కూలికి పోయి, బిడ్డను కని, పోయిన దానికి మిగిలింది ఆ రెండు మాటలేనా అని నేను ఆ కాలనీ రేకుల నీడలో కూలబడ్డాను. నా పద్ధతి ఏమిటంటే, ఎవరి కథ రాసినా ఒకే జ్ఞాపకాన్ని వేరు వేరు రోజుల్లో మూడుసార్లు చెప్పించుకుంటాను, మూడుసార్లూ మారకుండా నిలిచిందేదో అదే రాస్తాను. ఆయన మొదటి లారీ గురించి మూడుసార్లు చెప్పారు, ఘాట్ రోడ్డులో బ్రేకులు పోయిన రాత్రి గురించి చెప్పారు. అమ్మ గురించి ఒక్కసారి చెప్పడానికే ఏమీ లేదు. ఒక సాయంత్రం లారీల షెడ్డులో, టైర్ల మీద కూర్చుని అన్నారు. "నాకేం గుర్తులేదు స్వర్ణమ్మా. ఎంత తవ్వినా ఏమీ తగల్యా. అట్లని అమ్మ లేకుండా పుస్తకమేంది? నువ్వే రాయి. నీకు తోచింది రాయి. నేను చదువుకుంటా." ఆ మాట అన్నట్టు ఇప్పుడు ఆయనకు గుర్తు లేదు. పక్షవాతం తీసుకుపోయిన వాటిలో అదొకటి. కాశమ్మను మాత్రం వదిలిపెట్టి పోయింది.

తోచింది రాయి అన్నారు, కాబట్టి కూర్చున్నాను, నాకేమీ తోచలేదు. ఈమధ్య హైదరాబాదు నుంచి ఒక కుర్రవాడు యంత్రం రాసిన జీవిత కథలు పంపి కాస్త ప్రాణం పోయండి మేడం అంటున్నాడు, ఆ యంత్రం రాసే అమ్మలందరూ ఒకేలా వేకువనే లేస్తారు, ఒకేలా పొయ్యి ఊదుతారు, ఒకేలా కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారు. చెప్పకూడదు గానీ ఆ రోజు నేను రాసిన మొదటి మూడు చిత్తుప్రతులూ అట్లాగే ఉన్నాయి. చించేశాను. నాలుగోసారి కలం పెడితే మైదుకూరు రోడ్డు వచ్చింది. మిట్టమధ్యాహ్నం, తారు ఇంకా వేయని రోడ్డు, అమ్మ నెత్తిన షావుకారుకు ఇవ్వవలసిన చీరల మూట, వెనక నేను, కాళ్ళకు చెప్పుల్లేవు. దోవలో ఒక పలక బండ. అమ్మ మూట దించి, తలమీది గుడ్డ చుట్ట విప్పి, అది ఇంకా ఆమె తల వేడితో ఉండగానే బండ మీద పరిచి నన్ను కూర్చోబెట్టింది, తను మాత్రం కాలే బండ మీద ఊరికే కూర్చుంది. నా పాదాలు ఒళ్ళోకి తీసుకుని, నీలంగా ఉన్న గోళ్ళతో ముళ్ళున్నాయేమో అని ఒక్కొక్క వేలూ తడిమింది. ఏమీ మాట్లాడలేదు. అంతే. ఆమె నూలుకు రంగులు వేసేది, నీలం తొట్టిలో ముంచి ముంచి గోళ్ళకు ఆ రంగు పట్టేసింది, బూడిదేసి తోమినా పోయేది కాదు. ఆ నాలుగు పేజీలూ ఒక్క ఊపులో వచ్చాయి, కొట్టివేత లేదు. తర్వాత నాలోని ఎడిటరు లేచి పని మొదలుపెట్టింది: చీరల మూట తీసి శెనక్కాయల గంప పెట్టింది, షావుకారును తీసి ఆసామిని పెట్టింది, మైదుకూరు రోడ్డును తీసి గండికోట దోవ పెట్టింది, కూతుర్ని తీసి కొడుకును పెట్టింది. బండకు ఒక చోటు కావాలి కదా, ఆ వారమే బస్సులో చూసిన మలుపు ఒకటి, కింద పెన్న కనపడేది, అక్కడ పెట్టేశాను.

గోళ్ళు మాత్రం నీలంగానే ఉండిపోయాయి. నాలుగుసార్లు ప్రూఫు చూశాను. ఊరి పేరులో దీర్ఘం తప్పితే పట్టేదాన్ని, తేదీకీ వారానికీ పొంతన లేకపోతే పట్టేదాన్ని, చేలో కూలి చేసే మనిషి గోళ్ళు నీలంగా ఎందుకుంటాయి అని నా కంటికి తట్టలేదు. ఎట్లా తడుతుంది? అమ్మ గోళ్ళు నీలంగా ఉండటం నాకు లోకంలో అన్నిటికన్నా మామూలు సంగతి. పుస్తకం కట్టలు వచ్చిన రోజు ఒక ప్రతి తీసి ఆ పేజీ చూశాకే ఆ తప్పు కంటబడింది. ఎవరైనా అడుగుతారని ఏడాది ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. పుల్లయ్య గారికైతే ఆ గోళ్ళంటేనే ప్రాణం. ఆవిష్కరణ సభలో మైకు పట్టుకుని, రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టేసి, "మాయమ్మ గోర్లు నీలంగా ఉండేటివి" అని మొదలుపెట్టి అక్కడితోనే మైకు దించేశారు. నేను చివరి వరసలో కూర్చుని ఉన్నాను, అది నా చోటు. ఆ క్షణం నాకు కలిగింది గర్వం కాదు, భయం కూడా కాదు, కొండ అంచున నిలబడి కిందికి చూసినప్పుడు కాళ్ళలో పుట్టేది ఒకటి ఉంటుంది చూడండి, అది. అరవయ్యేళ్ళు తల్లి లేని మనిషికి ఆ సాయంత్రం తల్లి ఉంది. ఎక్కడి నుంచి వచ్చింది? నేను పేపరు మీద నాలుగు పేజీలు నింపాను, అంతేకదా.

కానీ ఒకటి జరిగింది, అది ఎవరికీ చెప్పుకోలేదు. ఆ పుస్తకం వచ్చాక అమ్మ గుర్తొచ్చి ఆ రోడ్డులోకి పోతే బండ మీద నేను ఉండను. మూడేళ్ళ మగపిల్లవాడు ఉంటాడు. అమ్మ వాడి పాదాలే తడుముతూ ఉంటుంది. తర్వాత రెండేళ్ళకు అమ్మ పోయింది; చదవడం రాదు ఆమెకు, వినిపిద్దాం వినిపిద్దాం అనుకుంటూ ఉండగానే పోయింది. దహనం రోజు నేను ఏడవడానికి ఆ జ్ఞాపకం కోసం వెతుక్కుంటే అది పుల్లయ్య గారి దగ్గర ఉంది. ఇంకేవో గుర్తొచ్చాయి, మగ్గం గుంటలో కాళ్ళు, అన్నం వడ్డించే చెయ్యి, ఉన్నాయి, లేవని కాదు, కానీ ఆ బండ నాది, నేను పెట్టిన చోటు నుంచి దాన్ని వెనక్కి తెచ్చుకోవడం నాకు చేతకాలేదు. ఇప్పుడు దాని మీద వేరే పేరు చెక్కబోతున్నారు. చెప్పేస్తే డెబ్బై దాటిన ఈ మనిషి మళ్ళీ తల్లి లేని పిల్లవాడవుతాడు. చెప్పకపోతే మా అమ్మ కాశమ్మ అయిపోతుంది, ఇక ఎప్పటికీ.

కారు కొండల వైపు తిరిగింది. రెండు పక్కలా చిట్టి చెట్లు, పలకలు పలకలుగా పేర్చినట్టున్న రాళ్ళు, మధ్యలో ఒక చోట కోసేసిన శెనగ చేను. నెహెమ్యా ఊరికే ఉండలేక అడిగాడు, పెద్దాయనా ఆ బండ సంగతి చెప్పు, నేను యినలేదు కదా అని. వందసార్లు విని ఉంటాడు, ఆయన చేత మాట్లాడించడానికి అడిగాడు. పుల్లయ్య గారు కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టారు. మాట కొంచెం ముద్దగా వస్తుంది గానీ తెలుస్తుంది. "గంప దించింది. నెత్తి మీది గుడ్డ తీసి పరిచింది. కూచోరా అనె. నేను కూచుంటి. తను మాత్రం కాలే బండ మీదనే కూచుండె. నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకునె. నీలం గోర్లు. ముల్లుండాదా అని ఒగొగ వేలే చూసె." నా వాక్యాలే, కానీ నా వాక్యాలు కావు. నేను రాసిన చోట విశేషణాలున్నాయి, ఆయన అవన్నీ రాల్చేశారు, ఎముక లాంటిది మిగిలింది. ఇన్నేళ్ళలో నన్ను ఎవరైనా ఇంత బాగా ఎడిట్ చేశారా అనుకున్నాను. ఇట్లా చెప్పే మనిషి దగ్గర నుంచి దాన్ని ఏ నోటితో లాక్కుంటాను? వద్దులే, ఏదో ఒక బండ చూపించేద్దాం, అమ్మ ఏమీ అనుకోదు, ఆమె ఎప్పుడూ తన గుడ్డ తీసి వేరేవాళ్ళకు పరిచిన మనిషే కదా. అనుకోదు సరే, నేను?

"అక్కా, ఇదేనా మలుపు?" అంది సాహితి.

ఇదే. కింద పెన్న సన్నగా కనపడేది నేను చూసినప్పుడు, ఇప్పుడు కొండల మధ్య అంతా నీళ్ళే, ఎండకు కళ్ళు జిగేలుమంటున్నాయి, మెలికలు తిరిగి ఎంత దూరం పోయాయో తెలియనంత నీళ్ళు. తాగడానికి చుక్క దొరకని నేల మీద పుట్టిన వాళ్ళకు అన్ని నీళ్ళు ఒకచోట చూస్తే మాట రాదు. నెహెమ్యా, సాహితి చెరొక పక్క పట్టుకుని ఆయన్ని దింపారు. రోడ్డు పక్కన బండలు ఒకటి కాదు, పది ఉన్నాయి. నేను వాటి వైపు నడిచాను. గాలి గట్టిగా వీస్తోంది. ఒక పలక బండ మీద చెయ్యి వేశాను, వెచ్చగా ఉంది, ఇదే అనాలి, ఒక్క మాట, ఇదేనప్పా. వెనక్కి తిరిగాను. ఆయన బండల వైపు చూడటం లేదు. నీళ్ళ వైపు చూస్తున్నారు. పుస్తకం సాహితి చేతికిచ్చేశారు. తల అడ్డంగా ఊపారు.

"ఈడ కాదు."

"ఈ బండ కాదా నాయనా?" అంది సాహితి, నా వైపు చూస్తూ.

"బండే కాదు. రాయి. గట్టు మీద పాతిన హద్దు రాయి. చేను ఆ నీళ్ళ కింద ఉండాది." బాగున్న చెయ్యి ఎత్తి చూపించారు. "జొన్న చేను. నా కాలికి గుడ్డపేలిక కట్టి, ఆ రాయికి కట్టేసి పోయేది. నేను బాయిలో పడతానని. జొన్నలోకి పోతే మనిషి అగపడదు. నేను ఏడుస్తా. ఏడిస్తే చేన్లోనించి పలికేది. ఉండానురా... అని. మళ్ళ ఊరుకుంటా. దూరం పోయేకొద్దీ గట్టిగా పలికేది. మనిషి అగపడదు. ఉండానురా... అని అదొకటే." ఆయన ఆగి నా వైపు తిరిగారు, కళ్ళలో నీళ్ళు లేవు, ఏదో కొత్తగా చూస్తున్న మనిషి మొహం అది. "స్వర్ణమ్మా, ఇది నువ్వెందుకు రాయకపోతివి?"

నేను ఆ బండ మీదే కూర్చున్నాను. నేను రాయలేదు. పుస్తకంలో శెనక్కాయ, ఆయన జొన్న అన్నారు. పుస్తకంలో బండ, ఆయన హద్దు రాయి అన్నారు. పుస్తకంలో ఆమె ఒక్క మాట మాట్లాడదు. మా అమ్మ చేను మొహం చూసిన మనిషి కాదు, గొంతెత్తి పిలిచిన మనిషీ కాదు. ఇది నాది కాదు, మా అమ్మది కాదు, ఎవరూ ఎప్పుడూ ఆయనకు చెప్పింది కాదు. ఇది కాశమ్మ. డెబ్బై ఏళ్ళ కింద ఒక జొన్న చేలోంచి పలికిన గొంతు, ఊరు మునిగినా, ఆమెను చూసిన వాళ్ళందరూ పోయినా, ఆయన తలలో సగం చెదిరిపోయినా, ఎక్కడో అడుగున అట్లాగే ఉండి, ఇప్పుడు పలికింది. మా అమ్మ వెళ్ళి ఆయన పక్కన ఇన్నేళ్ళు కూర్చున్నందుకు పలికిందా? నాకు తెలియదు. నా పనిలో నాకు తెలిసిందేమీ లేదని ఆ నిమిషంలో తెలిసింది. ఆకాశం అంత పెద్దదిగా ఎప్పుడూ కనపడలేదు నాకు.

"మీరు చెప్పలేదప్పా, అందుకే రాయలేదు," అన్నాను. తర్వాత మిగతాది దానంతట అదే వచ్చింది. "పుస్తకంలో ఉన్నది మీ అమ్మ కాదు. మీకేమీ గుర్తులేదు, నీకు తోచింది రాయి అన్నారు మీరు. నాకు మా అమ్మ తోచింది. ఆ బండ మా మైదుకూరు రోడ్డులోది. ఆ గోళ్ళు మా అమ్మవి. ఆమె నూలుకు రంగులేసేది."

సాహితి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన నన్ను చూస్తూ నిలబడ్డారు.

"నేనే రాయమంటినా?"

"మీరే అన్నారప్పా."

"అట్లనా." నెహెమ్యా చెయ్యి వదిలించుకుని, కాలు ఈడ్చుకుంటూ వచ్చి నా పక్కన బండ మీద కూర్చున్నారు. "మీయమ్మ ఉండాదా?"

"లేదు. పోయింది."

"ఆ పేజీలు తీసేస్తావా?"

"తీసేస్తాను. మీ అమ్మది మీరు చెప్పండి, రాస్తాను."

ఆయన నీళ్ళను చూశారు. "తీయొద్దులే. ఇద్దరినీ ఉండనీ. ఒకామె ఈడ నా పక్కన కూచోనుండాది. ఒకామె ఆడ చేన్లో పని చేసుకుంటాండాది. ఇద్దరూ ఉంటే బిడ్డ యాడికి పోతాడు?" తర్వాత, లారీల లెక్క చెప్పేటప్పటి పాత గొంతుతో సాహితిని పిలిచారు. "రాయి చెక్కే వానికి చెప్పు, పేర్లు రెండని. కాశమ్మ, ఇంకొకటి." నా వైపు వంగారు. "మీయమ్మ పేరేంది?"

చెప్పాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు, గాలికి వినపడలేదు. పాతికేళ్ళు వేరేవాళ్ళ పేర్లు రాశాను, మా ఇంట్లో వాళ్ళ పేరు ఒక్కటీ ఎక్కడా అచ్చు కాలేదు, అమ్మ పేరు పైకి పలికి కూడా చాలా కాలమైంది. లేచి నిలబడ్డాను. ఈసారి ఆయనకు కాదు, ఆ నీళ్ళ అవతలి దాకా పోయేటట్టు, నా గొంతు అంత ఉందని నాకే తెలియనంత గట్టిగా అరిచాను.

"వెంకటలక్ష్మమ్మ."